గుర్రాన్ని విడిచిన ఎత్తు

'సాహసం' అనే మాటకు చిత్రమైన చరిత్ర ఉన్నది. ధర్మశాస్త్ర గ్రంథాలలో సాహసమంటే నేరం. వెనుకముందులు చూడక బలాత్కారంగా చేసిన దుష్కార్యం. స్మృతికర్తలు దానికి దండన విధించినారు. అదే మాట కావ్యాలలోను, ఆ పైన మన తెలుగులోను తన మచ్చను కడుగుకొని వీరుని గుణమై కూర్చున్నది. నేడు బడిపిల్లవాడు సాహసానికి అర్థం ధైర్యమని వ్రాస్తే పూర్తి మార్కులు వేస్తాము. అయినా ఆ పాత అర్థం పూర్తిగా చావలేదు. 'అంత సాహసం పనికిరాదు' అని ఇంట్లో పెద్దవారు మందలించినప్పుడు వారి నోట పలికేది ఆ స్మృతికర్తలే.

ఒకే మాటలో నేరమూ గుణమూ రెండూ ఎట్లా ఇమిడినవి? ఏ గీత దగ్గర మొదటిది రెండవదిగా మారుతుంది? నిఘంటువులు అర్థాలను వరుసగా చెప్పి ఊరుకుంటవి. గీత ఎక్కడ ఉన్నదో చెప్పవు. నాకు తోచిన సమాధానం పుస్తకాలలో దొరకలేదు. కాచిగూడలో, ఒక ఇరానీ హోటలులో, చదరంగపు బల్లపైన దొరికింది. అదీ ఓడిపోయిన తరువాత.

స్టేషను ఎదుటి పాఠం

1980ల మధ్యకాలం. నేను ఇంటర్మీడియేటు చదువుతున్నాను. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను గుమ్మటాల క్రింద అప్పటికింకా మీటరు గేజి రైళ్ళు తిరుగుతున్నవి. సాయంకాలం స్టేషనుకు దగ్గరలోని ఒక హోటలులో ఇద్దరు ముగ్గురు పెద్దలు చదరంగం ఆడుతుండేవారు. వారిలో ఒకరు రైల్వే పార్సెలు ఆఫీసులో గుమాస్తాగా చేసి విరమించినవారు. ఒక కప్పు చాయ్ ముందు పెట్టుకొని, అది చల్లారి తరక కట్టేవరకు ఎత్తు వేయకుండా కూర్చోగలిగిన ఓపిక ఆయనది.

నేను ఆ రోజులలో గ్రంథాలయంలో దొరికిన ఒక ఆంగ్ల పుస్తకం నుండి ఆరు ఎత్తులు కంఠస్థం చేసినాను. అది మూజియో గాంబిట్ అనే ఆరంభం. అందులో తెల్లపావులవాడు మొదట ఒక బంటును, తరువాత ఒక గుర్రాన్ని శత్రువుకు వదిలివేస్తాడు. ఇంతటి దానం చూచి ఎదుటివాడు నివ్వెరపోతాడనీ, ఆ తత్తరపాటులో నేను గెలుస్తాననీ నా నమ్మకం. బంటును ఇచ్చినాను. గుర్రాన్ని ఇచ్చినాను. ఆయన రెండింటినీ నిదానంగా తీసుకొని బల్ల పక్కన వరుసగా నిలబెట్టి, తన మంత్రిని నా మంత్రికి ఎదురుగా తెచ్చి పెట్టి, ఒక్క మాట అన్నారు.

"తరువాత?"

తరువాత ఏమున్నది? నా ఆరు ఎత్తులూ అయిపోయినవి. మంత్రిని అటొకసారి, ఇటొకసారి త్రిప్పినాను. పట్టుమని ఇరువది ఎత్తులకు ముందే నా రాజు చిక్కినాడు. పద్మవ్యూహంలోకి ప్రవేశం తెలిసి బయటికి దారి తెలియనివాడు అభిమన్యుడొక్కడే కాదు. ఆయనకు కనీసం వీరస్వర్గం దక్కింది. నాకు దక్కింది చాయ్ డబ్బులు ఇచ్చుకొనే భాగ్యం.

పెద్దాయన పావులు సర్దుతూ అన్నారు: "బాబూ, గుర్రాన్ని ఇచ్చినావు, మంచిదే. దానికి బదులు నీకు ఏమి రావలెనో ఎక్కడైనా వ్రాసుకున్నావా? మా పార్సెలు ఆఫీసులో రసీదు లేకుండా ఒక్క మూట కదిలేది కాదు."

ఆ మాటలోని బరువు నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు.

ఎర, పట్టు, పేరు

చదరంగం ఆడని చదువరుల కొరకు ఈ గాంబిట్ అంటే ఏమిటో కొంచెం విప్పి చెప్పవలసి ఉన్నది. ఆట మొదటనే, లాభం చేతికి రాకముందే, ఒక పావును ఎరగా వదలి, దానికి బదులుగా కాలాన్నీ చోటునూ సంపాదించే ఉపాయానికి ఆ పేరు. మాట ఇటలీ దేశపుది. 'గాంబా' అంటే ఆ భాషలో కాలు. కుస్తీలో ఎదుటివాని కాలికి కాలు అడ్డం పెట్టి పడవేసే పట్టును బట్టి ఈ పేరు పుట్టింది. మన తాలింఖానాల పహిల్వానులకు ఆ పట్టును వేరే వివరించనక్కరలేదు. స్పెయిన్ దేశపు మతాచార్యుడు రుయ్ లోపెజ్ 1561లో అచ్చువేసిన చదరంగ గ్రంథంతో ఈ మాట ఆటగాండ్ర పరిభాషలో స్థిరపడింది. ఆంగ్లంలో జూదానికి ఉన్న మాటతో దీనికి ధ్వనిలో పోలికే గాని చుట్టరికం లేదు. రెండూ ఒకటే అనుకొనే పొరపాటు మాత్రం లోకంలో బహుళంగా ఉన్నది. నేను కాచిగూడలో చేసినది ఆ పొరపాటే.

ఇక ఆ ఎత్తులు. తెల్లవాడు రాజు ముందరి బంటును రెండు గళ్ళు నడుపుతాడు. నల్లవాడూ అట్లే చేస్తాడు. రెండవ ఎత్తుగా తెల్లవాడు రాజు పక్కనున్న శకటు ముందరి బంటును రెండు గళ్ళు త్రోసి, 'తీసుకో' అంటాడు. నల్లవాడు తీసుకుంటాడు. తెల్లవాడు రాజు వైపు గుర్రాన్ని బయటికి తెస్తాడు. నల్లవాడు తనకు దొరికిన బంటును కాపాడుకొనడానికి గుర్రం ముందరి బంటును రెండు గళ్ళు పంపుతాడు. తెల్లవాడు శకటును (హైదరాబాదు వాడుకలో ఒంటెను) వాలుగా నడిపి, నల్లరాజు పక్కనున్న బలహీనమైన బంటుకు గురిపెడతాడు. నల్లవాడు తన బంటును మరొక గడి ముందుకు త్రోసి గుర్రాన్ని బెదిరిస్తాడు. ఇప్పుడు ఎవరైనా గుర్రాన్ని తప్పిస్తారు. ఇక్కడ తెల్లవాడు దాని వంక చూడనే చూడడు. నిశ్చింతగా తన రాజుకు కోట కడతాడు. నల్లవాడు గుర్రాన్ని చంపుతాడు. చంపిన బంటును తెల్ల మంత్రి పట్టుకుంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. తెల్లవాని వైపు ఒక గుర్రం తక్కువ. బంట్లు ఇరువైపులా సమానం. పైకి చూస్తే ఇది దివాలా. కాని నల్లవాడు ఇంతవరకు వేసిన ఐదు ఎత్తులూ బంట్ల ఎత్తులే. అతని మంత్రి, ఏనుగులు, శకట్లు, గుర్రాలు, ఒక్కటి కూడా ఇల్లు కదలలేదు. తెల్లవాని మంత్రి, శకటు, కోట కట్టినప్పుడు మధ్యకు వచ్చిన ఏనుగు, మూడూ నల్లరాజు పక్కనున్న ఆ ఒక్క గడి మీద కన్ను వేసి నిలిచి ఉన్నవి. ఆ గడికి కాపలా ఎవరు? రాజు ఒక్కడే. తెల్లవాడు గుర్రాన్ని అమ్మి కాలాన్ని కొన్నాడు. కాలం నిలువ ఉండే సరుకు కాదు. నాలుగైదు ఎత్తులలో వాడుకుంటే సిరి, లేకుంటే మంచు.

ఈ ఆరంభం పేరు వెనుక ఒక వినోదం ఉన్నది. మూజియో అనే ఇటలీవాడు దీనిని ఆడినవాడు కాడు. మరొకరు ఆడగా చూచి చెప్పినవాడు. సాల్వియో అనే గ్రంథకర్త ఆ సంగతి వ్రాసిపెడితే, పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో సారట్ అనే ఆంగ్లేయుడు అనువాదంలో పొరబడి, చూచినవానినే ఆడినవానిగా చేసినాడు. ఆ తప్పే స్థిరపడింది. అనువాదకులు ఒక్క విభక్తిని తారుమారు చేస్తే కర్త ఎవరో కర్మ ఎవరో తెలియకుండా పోతుందని తరగతిలో చెప్పేటప్పుడు నేను ఈ ఉదాహరణ ఇస్తుంటాను.

1829 నాటి ఒక పుస్తకం

ఓటమి తరువాత చాలా ఏండ్లు చదరంగాన్ని మరచిపోయినాను. ఎం.ఏ. పూర్తి చేసి, ఉద్యోగంలో చేరి, ఒక ఆదివారం ఉదయం ఆబిడ్స్ కాలిబాటమీద పాత పుస్తకాల గుట్టలు వెదకుతున్నాను. ఆదివారం నాడు మూతపడిన అంగళ్ళ ముందు పరచే ఆ పుస్తకాలను ఎరుగని ఉపాధ్యాయుడు ఈ నగరంలో ఉండడు. వ్యాకరణ గ్రంథం కొరకు వెదకిన నాకు అట్టలేని ఒక చదరంగ గ్రంథం చేతికి తగిలింది. పుటలు త్రిప్పుతుంటే మూజియో పేరు కంటబడింది. పాత గాయం కనుక ఆగి చదివినాను. ఆ పేరు పక్కనే మన ఊరి పేరు!

1829లో మద్రాసులో ఒక ఆంగ్ల గ్రంథం వెలువడింది. మూజియో గాంబిట్‌కు విశ్లేషణ, దానితోపాటు మద్రాసు హైదరాబాదు నగరాల నడుమ జరిగిన రెండు ఆటల పందెం: ఇది ఆ గ్రంథ నామానికి భావం. కర్తలు ఇద్దరు. మద్రాసు పక్షపు ఆటను ముఖ్యంగా నడిపిన గులాం కాసిం ఒకరు. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి జేమ్స్ కాక్రేన్ రెండవవారు. ఒక భారతీయుని పేరు, ఒక దొర పేరు, ఒకే పుస్తకం మీద పక్కపక్కన అచ్చయిన సంవత్సరం 1829 అని గుర్తుంచుకోవలెను.

ఆ కాలాన్ని కొంచెం ఊహించండి. నిజాం రాజ్యంలో రైలు పట్టాలు పడడానికి ఇంకా నలువది అయిదు ఏండ్లున్నది. తంతి లేదు. మద్రాసుకూ హైదరాబాదుకూ నడుమ దూరం సుమారు నాలుగు వందల మైళ్ళు. కృష్ణ దాటవలెను, పెన్న దాటవలెను. అయినా రెండు ఊళ్ళకూ రాకపోకలు గట్టివి. సికిందరాబాదులో దిగి ఉన్న కంపెనీ సైన్యం మద్రాసు సైన్యంలో భాగమే. కాచిగూడ నుండి నడిచిపోదగిన దూరంలో, కోఠీలో రెసిడెన్సీ భవనం అప్పటికే వెలసి ఉన్నది. నేడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం నడుస్తున్నది ఆ ఆవరణలోనే. రాజ్యతంత్రపు లేఖలు తిరిగిన ఆ బాటల మీదనే చదరంగపు ఎత్తులు కూడా తిరిగినవన్నమాట. ఒక్క ఎత్తు వ్రాసి పంపితే, జవాబుకు రోజుల తరబడి ఎదురుచూడవలెను. సరిగ్గా ఆ కాలంలోనే, 1824 నుండి 1828 వరకు, లండన్ ఎడింబరో నగరాలు ఉత్తరాలపై ఒక పందెం ఆడినవి. చదరంగంలో నేటికీ 'స్కాచ్ ఆట' అని పిలువబడే ఆరంభానికి ఆ పందెమే పేరు పెట్టింది. దాని మాట ప్రపంచమంతా చెప్పుకుంటుంది. మద్రాసు హైదరాబాదుల పందెం సంగతి మన పిల్లలకు మనమే చెప్పము.

గులాం కాసిం చేసిన పని ఏమిటి? గుర్రాన్ని బంటు బెదిరించినప్పుడు కోట కట్టడం ఒక్కటే మార్గం కాదని అతడు చూపినాడు. ఆ ఐదవ ఎత్తున కోటకు బదులు మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు త్రోస్తే, రెండవ శకటుకు దారి తెరచుకుంటుంది. నడిమి గళ్ళు తెల్లవాని చేతిలోకి వస్తవి. గుర్రం పోతే పోనిమ్మని. ఆ పద్ధతికి నేటికీ చదరంగ గ్రంథాలలో 'గులాం కాసిం గాంబిట్' అనే పేరు. ఈ గుర్రపు బలి అటు తరువాత పెద్ద రంగాలకు కూడా ఎక్కింది. 1834లో లండన్‌లో ఫ్రాన్సు దేశపు లా బూర్దొనే, ఐర్లండువాడైన మెక్‌డానెల్ ఆడిన సుప్రసిద్ధమైన పందేలలో ఇది కనబడుతుంది. అదే ఐదవ ఎత్తున రెండవ గుర్రాన్ని బయటికి తెచ్చే మరొక పద్ధతికి మెక్‌డానెల్ పేరు నిలిచింది.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. మన దేశంలో పూర్వం ఆడిన చదరంగంలో కోట కట్టే ఎత్తు లేదు. దానికి బదులు రాజు ఆటలో ఒక్కసారి గుర్రంవలె దూకవచ్చును. బంటు మొదటి ఎత్తున రెండు గళ్ళు నడిచే ఆచారమూ చాలా ప్రాంతాలలో లేదు. అనగా మూజియో గాంబిట్‌కు ఆధారమైన రెండు నియమాలూ పరాయివే. 1814లో బొంబాయిలో తిరువేంగడాచార్య శాస్త్రి చదరంగ గ్రంథం ఐరోపా పద్ధతికి అనువుగా ఆంగ్లంలో వెలువడింది. ఆ తరువాత పదునైదు ఏండ్లకు గులాం కాసిం ఆ పరాయి నియమాలను నేర్చుకొనడంతో ఆగక, వాటిలోని అతి ప్రమాదకరమైన ఒక మూలను ఏరుకొని, దానికి భాష్యం వ్రాసినాడు. పరాయి శాస్త్రాన్ని నేర్చినవాడు విద్యార్థి. దానికి కొత్త సూత్రం చేర్చినవాడు శాస్త్రకారుడు.

ఆ పాత పుస్తకం చేత పట్టుకొని ఆబిడ్స్ కాలిబాట మీద నిలబడి ఉండగా పెద్దాయన మాట జ్ఞాపకం వచ్చింది. రసీదు! గులాం కాసిం గుర్రాన్ని ఇచ్చి రసీదు పుచ్చుకున్నాడు. ఆ రసీదు ఒక పుస్తకమంత పొడుగున్నది. నల్లవాడు ఇట్లా వేస్తే ఇది, అట్లా వేస్తే అది అని ప్రతి కొమ్మనూ వెదకి వ్రాసినాడు. నేను ఆరు ఎత్తులు కంఠస్థం చేసి, ఏడవదాన్ని దేవునికి వదిలినాను. ఇద్దరమూ ఇచ్చినది ఒకే గుర్రాన్ని. అతనిది ధైర్యం, నాది స్మృతికర్తలు దండించిన సాహసం.

ఒప్పుకున్న పావు, ఒప్పుకోని ఆట

ఈ ఆరంభం సరియైనదేనా అని విద్యార్థులు అడుగుతారు. నిజం చెప్పవలెను. అగ్రశ్రేణి పోటీలలో ఇది నేడు అరుదు. నల్లవాడు తొణకక, మంత్రిని ముందుకు తెచ్చి, సరియైన ఎత్తులను ఒకదాని వెనుక ఒకటి కనిపెట్టగలిగితే అతడు భయపడనక్కరలేదని గణన యంత్రాలు చూపుతున్నవి. కాని ఆ సరియైన ఎత్తులు ఎన్ని! అవి కనిపెట్టవలసినవాడు యంత్రం కాదు, గడియారం కొట్టుకుంటుండగా చెమట తుడుచుకొనే మనిషి.

ఈ కుటుంబానికి మూలమైన రాజు గాంబిట్ విషయంలో ఒక ముచ్చట. 1960లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో రష్యావాడైన స్పాస్కీ ఈ ఆరంభంతో అమెరికా యువకుడు బాబీ ఫిషరును ఓడించినాడు. మరుసటి ఏడు ఫిషరు పట్టుదలతో ఒక వ్యాసం వ్రాసి, ఈ గాంబిట్ పని అయిపోయిందని చాటినాడు. ఆ తరువాత రెండు మూడేండ్లకే తానే తెల్లపావులతో ఈ గాంబిట్‌లోని మరొక శాఖను ఆడి గెలిచినాడు. దీనినిబట్టి శాస్త్రంలో 'అయిపోయింది' అనే మాటను ఎంతవరకు నమ్మవలెనో తెలుస్తుంది.

మన తెలుగు గడ్డ చదరంగానికి కొత్తది కాదు. 2002లో ప్రపంచ కప్పు పోటీ హైదరాబాదులోనే జరిగింది. విశ్వనాథన్ ఆనంద్ గెలిచినాడు. అదే ఏడు కోనేరు హంపి పదునైదేండ్ల వయస్సులో గ్రాండ్‌మాస్టరయింది; 2019లోను, 2024లోను మహిళల ప్రపంచ రాపిడ్ విజేతగా నిలిచింది. పెంటేల హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ విజేత. 2024లో బుడాపెస్టు ఒలింపియాడులో భారతదేశం రెండు విభాగాలలోనూ బంగారు పతకాలు తెచ్చినప్పుడు పురుషుల జట్టులో వరంగల్లు బిడ్డ అర్జున్, హరికృష్ణ, మహిళల జట్టులో ద్రోణవల్లి హారిక ఉన్నారు. వీరిలో ఎవరూ గుడ్డిగా పావులను పారవేసి పైకి వచ్చినవారు కారు. ఎవరూ పావులను దాచుకొని పైకి వచ్చినవారూ కారు.

నేను వేయని ఎత్తు

ఇంతవరకు వచ్చినాను గనుక ఒక సంగతి ఒప్పుకోవలసి ఉన్నది. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే.

ఒకసారి నాంపల్లి ప్రాంతంలోని ఒక పాఠశాలవారు చదరంగపు పోటీలు పెట్టి బహుమతులు పంచడానికి నన్ను పిలిచినారు. చివరి ఆట జరుగుతున్నది. తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు తెల్లపావులతో ఆడుతున్నాడు. అతనికి సమానంగా ముగిస్తే చాలు, మొదటి బహుమతి వస్తుంది. ఎదుటివాడు గట్టివాడు. పిల్లవాడు బంటును ఇచ్చినాడు. గుర్రాన్ని ఇచ్చినాడు. కుర్చీలో నా గుండె ఒక్క క్షణం ఆగింది. నలువది నిమిషాల పోరు తరువాత అతడు ఓడిపోయినాడు.

ఆట నేర్పే మాస్టారు అందరి ఎదుటనే మందలించినారు: "డ్రా చాలునని చెప్పినాను గదా! గుర్రాన్ని దానం చేయమని ఎవరు చెప్పినారురా నీకు?" జిల్లా పోటీలకు పంపే జట్టు నుండి అతని పేరు తీసివేసినట్లు కొంతసేపటికి తెలిసింది. పిల్లవాడు తల వంచుకొని ఒక పాత నోటు పుస్తకాన్ని ఛాతీకి అదుముకొని నిలబడినాడు. నేను పిలిచి అడిగి చూచినాను. పుటల నిండా పెన్సిలు గీతలతో గళ్ళు. నల్ల మంత్రి ఎదురువస్తే ఏమి చేయవలెను, రాకపోతే ఏమి చేయవలెను, రెండవ బంటును కూడా విడవవచ్చునా, అన్నీ తన లెక్కలే. పదునాలుగవ ఎత్తున రెండు దారులలో ఒకదాన్ని ఎన్నుకొనడంలో పొరబడినాడు, అంతే. ఆ పొరపాటు ఏదో కూడా అతడే నాకు వ్రేలు పెట్టి చూపించినాడు.

అప్పుడు నన్ను వేదిక మీదికి పిలిచినారు. నేనేమి మాట్లాడినాను? గెలుపోటములు సమానమన్నాను, పాల్గొనడమే ముఖ్యమన్నాను, క్రమశిక్షణ అవసరమన్నాను. ఎవరికీ నొప్పి కలుగని మాటలు. చప్పట్లు కొట్టినారు, శాలువ కప్పినారు, పంపినారు. ఆ నోటు పుస్తకం మాట ఒక్కటి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెబితే మాస్టారి మనసు నొచ్చుకుంటుందనీ, పిలిచినవారి మర్యాద చెడుతుందనీ జంకినాను. ఆ పిల్లవాడు గుర్రాన్ని పణంగా పెట్టినాడు. నేను ఒక బంటును కూడా పెట్టలేదు.

తరువాత ఒకనాడు ఆ మాస్టారిని కలిసి నా మనసులోని మాట చెప్పినాను. ఆయన ఓపికగా విని అన్నారు: "మీరు చెప్పేది కాదనను సార్. కాని రేపు కప్పు రాకపోతే యాజమాన్యం నన్ను అడుగుతుంది. వాడి తండ్రి నన్ను అడుగుతాడు. మీ నోటు పుస్తకం నేనెవరికి చూపించను?" ఆయన మాటలో నిజమున్నది. మనం ఉపాధ్యాయులం; ఇతరుల పిల్లల కాలాన్ని చేతిలో పెట్టుకున్నవాళ్ళం. మనకు జూదమాడే హక్కు లేదు. కాని లెక్క చేసి ఓడినవానినీ, లెక్క లేక ఓడినవానినీ ఒకే గాట కట్టే హక్కు కూడా మనకు లేదు. జవాబు తప్పయినా పద్ధతి సరిగా ఉంటే గణితంలో కొన్ని మార్కులు వేస్తాము గదా! ఆ న్యాయం గణితపు తరగతి గడప దాటి రాకూడదా?

ధర్మరాజు కథ మన పిల్లలందరికీ తెలుసు. ఆయన పాచికలాడినాడు. పాచిక ఎట్లా పడుతుందో ఆయన చేతిలో లేదు. ఒడ్డినవారు తమ్ములు, భార్య. చదరంగంలో గుర్రాన్ని విడిచేవాని స్థితి వేరు. బల్లమీద దాపరికం లేదు. ఉన్న పావులన్నీ ఇద్దరికీ కనబడుతూనే ఉన్నవి. పాచిక లేదు. పోయేది తన పావు. ఓడితే తలవంచవలసినది తానే. కనుక పిల్లవాడు సాహసం చేసినప్పుడు మనం అడుగవలసిన ప్రశ్నలు మూడు. నీవు ఇచ్చినది నీ సొంతమేనా? బదులు రావలసినది ఏమిటో లెక్క వ్రాసుకున్నావా? రాకపోతే ఎవరినీ తప్పు పట్టకుండా పావులు సర్దగలవా? మూడింటికీ అవునన్నవాడు ఓడిపోయినా వానిని దండించడం స్మృతికర్తలకు కూడా చేతకాదు. నేను వెదకిన గీత ఇక్కడ ఉన్నదని నా నమ్మకం.

ఈ మాటలు ఆనాడు వేదిక మీద చెప్పవలసినవి. ఆలస్యంగానైనా ఇక్కడ వ్రాస్తున్నాను.

పోయిన నెల ఆ పాత చదరంగ గ్రంథాన్ని సంచిలో వేసుకొని ఆ బడికి వెళ్ళినాను. మాస్టారే పిల్లవానిని పిలిపించినారు. గులాం కాసిం పేరున్న పుట తెరిచి చూపినాను. వాడు మద్రాసు, హైదరాబాదు అనే మాటల మీద వ్రేలు పెట్టి, చాలాసేపు చూచి, నమ్మలేనట్లు నా వంక చూచినాడు.

"మన ఊరా సార్?"

"మన ఊరే నాయనా."

తరువాత ఎత్తులు చదివినాడు. ఐదవ ఎత్తు దగ్గర కనుబొమలు ముడిపడినవి. "ఈయన కోట కట్టలేదే!" అన్నాడు. వెంటనే బల్ల తెచ్చి పావులు పేర్చినాడు. నేను నల్లపావుల వైపు కూర్చున్నాను. మాస్టారు కూడా కుర్చీ దగ్గరకు జరుపుకొన్నారు. వాడు బంటును ఇచ్చినాడు, తీసుకున్నాను. గుర్రాన్ని విడిచినాడు, తీసుకొని బల్ల పక్కన నిలబెట్టినాను. నాకు తెలియకుండానే నా నోట ఆ పాత మాట వచ్చింది.

"తరువాత?"

పిల్లవాడు తల ఎత్తలేదు. నోటు పుస్తకంలో కొత్త పుట తెరిచి, పెన్సిలు చేత పట్టుకొన్నాడు.